‘రాక్స్‌బ్.’ అంటే మన సామర్లకోట డాక్టర్

బీడీలు చుట్టే తునికాకు, పచ్చడిలోకి మామిడల్లం, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర, వాగుల పక్కన ఎత్తుగా పెరిగే తెల్లమద్ది. ఈ నాలుగింటి శాస్త్రీయ నామాలు ఒకసారి వెతికి చూడండి. చివర్లోనో మధ్యలోనో ‘రాక్స్‌బ్.’ అనే పొట్టి మాట తగులుతుంది. బీఎస్సీ బోటనీ వాళ్లయితే రికార్డుల్లో దాన్ని ఎన్నిసార్లు రాసి ఉంటారో లెక్కే లేదు. ఆ మొక్కకు శాస్త్ర పద్ధతిలో పేరు పెట్టి, వర్ణన రాసిన మనిషి గుర్తు అది. పూర్తి పేరు విలియం రాక్స్‌బర్గ్. ఉద్యోగం డాక్టర్. పన్నెండేళ్ల పోస్టింగ్, కాకినాడ పక్కన సామర్లకోట.

1751లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. అప్పట్లో మందులు చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి మెడిసిన్ కుర్రాళ్లు బోటనీ కూడా చదవాల్సిందే. జాన్ హోప్ అనే ప్రొఫెసర్ పాఠాలు ఇతనికి బాగా ఎక్కాయి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సర్జన్‌కు సహాయకుడిగా చేరి, 1776లో మద్రాసు ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్ అయ్యాడు. అక్కడ ఎవరూ చెప్పని పని ఒకటి పెట్టుకున్నాడు. రోజూ వాతావరణం కొలవడం, పుస్తకంలో రాసుకోవడం. ఆ పట్టికలు 1778లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికి వయసు 27.

1781లో సామర్లకోట వచ్చాడు. పేరుకు సైనిక దండులో డాక్టర్. మిగతా టైమంతా చెట్టూ పుట్టా. కంపెనీకి కావాల్సింది డబ్బు, అందులో దాపరికం ఏమీ లేదు. మిరియాలు, నీలిమందు, పట్టు, రంగులు, ఏదో ఒకటి ఎగుమతి చేయాలి. ఉత్తరాన కొండల్లో అడవి మిరియం తీగ కనబడగానే రాక్స్‌బర్గ్ దాన్ని తెచ్చి తోటలో పెంచాడు. కాఫీ, దాల్చినచెక్క, జాజి, మల్బరీ కూడా తెప్పించి నాటాడు. అంకుడు ఆకుల నుంచి నీలిరంగు తీసి చూశాడు. ఆ మొక్క శాస్త్రీయ నామంలో ఉన్న ‘టింక్టోరియా’ అంటే రంగులద్దేది అనే అర్థం.

అయితే నాకు ఇంకా నచ్చింది ఆయన రైతుల దగ్గర కూర్చున్న తీరు. రాజమండ్రి సర్కారులో చెరకు ఎలా వేస్తారు, నీళ్లు ఎలా కడతారు, రసం ఎలా కాస్తారు, బెల్లం ఎలా దించుతారు అన్నీ అడిగి, ఒక పెద్ద వ్యాసమే రాశాడు. మొక్కల దగ్గరా అంతే. లాటిన్ పేరు, యూరప్ పద్ధతి వర్ణనతో ఆగలేదు. ఇక్కడి జనం దాన్ని ఏమంటారో, దేనికి వాడతారో కూడా రాశాడు. ఆయన పుస్తకాల నిండా తెలింగ పేర్లే. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టుకు కూడా శాస్త్ర వర్ణన రాసింది ఆయనే. సింకోనా బెరడుకు బదులుగా అది పనికొస్తుందని ఆశపడ్డాడు, డాక్టర్ కదా. ఆయన పెట్టిన ప్రజాతి పేరు తర్వాత మారింది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని సోయ్మిడా అంటుంది. అంటే మన సోమిదే, లాటిన్ చొక్కా వేసుకుంది.

ఇక అసలు దెబ్బ. గోదావరి పాయల దగ్గర కోరింగ, ఇంజరం తీరాన్ని 1787 మేలో పెద్ద తుఫాను, ఉప్పెన ముంచెత్తాయి. వేల మంది పోయారు. ఇంజరం ఉప్పెనలో రాక్స్‌బర్గ్ అప్పటిదాకా పోగుచేసిన ఎండు మొక్కల నమూనాలు, పుస్తకాలు, కాగితాలు మొత్తం కొట్టుకుపోయాయి. బ్యాకప్ అనే మాట పుట్టని కాలం. మనలో చాలామంది హార్డ్ డిస్క్ ఒకటి పోతేనే వారం రోజులు అన్నం మానేస్తాం. అక్కడ ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడంతా పోయింది.

మళ్లీ మొదలుపెట్టాడు. మొక్క పచ్చిగా ఉన్నప్పుడే బొమ్మ వేయించడం ఆయన పద్ధతి. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకున్నాడు. కొమ్మ తేవడం, పువ్వు విప్పి భాగాలు చూపించడం ఆయన వంతు, రంగులతో నిలువెత్తు బొమ్మ దించడం వాళ్ల వంతు. 1789లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ ఇంగ్లండ్ వెళ్లిపోవడంతో కంపెనీ వృక్షశాస్త్రవేత్త పదవి రాక్స్‌బర్గ్‌కు దక్కింది. ఆయన లండన్‌కు పంపిన బొమ్మలు 500. వాటి నుంచి ఏరి, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరం మొక్కల పుస్తకం వేశారు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొట్టమొదటి బొమ్మ మన తణుకు చెట్టుది.

ఆ 300 బొమ్మల కింద వాటిని గీసిన మనవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ప్రతి కొమ్మకూ తెలుగు పేరు అడిగి రాసుకున్న మనిషి, పక్కనే కూర్చుని ఆ కొమ్మ గీసినవాడి పేరు మాత్రం పుస్తకంలోకి ఎక్కించలేదు. ఆ రోజుల్లో అది మామూలే అంటారు. మామూలే కావచ్చు, కానీ ఇవాళ ఆ చిత్రకారులు ఏ ఊరివాళ్లో చెప్పడానికి ఆ పేజీల్లో ఆధారం లేదు. రాక్స్‌బర్గ్‌ను మెచ్చుకునే ప్రతిసారీ నాకు ఇది ముల్లులా తగులుతుంది.

ఇంతలో కరువు వచ్చింది. 1789 నుంచి మూడు నాలుగేళ్లు సర్కారు జిల్లాల్లో వానలు సరిగా పడలేదు. రాక్స్‌బర్గ్ వర్షం కొలుస్తూనే, వందేళ్ల కిందటి కరువు సంగతులు పిఠాపురం జమీందారు దగ్గర విచారించాడు. వాన తప్పినా తిండి పెట్టే కొబ్బరి, తాటి, పనస లాంటి చెట్లు పెద్ద ఎత్తున నాటమని కంపెనీకి రాశాడు.

1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కు అధిపతిగా పిలుపొచ్చింది. రాబర్ట్ కిడ్ 1787లో మొదలుపెట్టిన ఆ తోటలో అప్పటికి 300 రకాల దాకా మొక్కలు ఉండేవి. 1814లో విలియం కేరీ అచ్చు వేసిన జాబితాలో 3,500 దాకా ఉన్నాయి. అక్కడా బొమ్మలు వేయిస్తూనే ఉన్నాడు, మొత్తం 2,500కి పైగా. ఆరోగ్యం చెడి 1813లో ఇండియా వదిలాడు, దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగితే అక్కడి మొక్కలకూ జాబితా రాశాడు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. జీవితకాలపు పని ‘ఫ్లోరా ఇండికా’ అచ్చులో చూసుకోలేదు. అది 1820లో మొదలై 1832లో పూర్తిగా వచ్చింది. ఫెర్న్‌ల లాంటి పూలు పూయని మొక్కల భాగం ఇంకా ఆలస్యం, 1844లో.

ఆయన నమూనాలు చెల్లాచెదురయ్యాయి. లండన్, క్యూ, ఎడిన్‌బరో, బ్రస్సెల్స్, ఎక్కడికక్కడే కొన్ని. తర్వాత కలకత్తాలో ఉన్న వాలిక్ కూడా 1828లో కంపెనీ సేకరణను లండన్ తీసుకెళ్లి యూరప్ అంతా పంచిపెట్టాడు. అయినా కలకత్తా తోటలో మళ్లీ పోగుచేశారు. ఇప్పుడు హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో 20 లక్షల దాకా నమూనాలున్నాయి. రాక్స్‌బర్గ్ బొమ్మల ఒక సెట్టు అక్కడ, మరో సెట్టు క్యూలో ఉంది.

హెర్బేరియం అంటే చూడటానికి ఇనప బీరువాలే. కొమ్మను పాత న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, పురుగు పట్టకుండా మందు పెట్టి, దళసరి షీటు మీద కుడతారు లేదా అంటిస్తారు. పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలను నొక్కరు, ఎండబెట్టి కాగితం పొట్లాల్లో దాస్తారు. కానీ ప్రాణమంతా లేబుల్‌లో ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, స్థానిక పేరేంటి. లేబుల్ లేని షీటు ఎండుగడ్డే. మన భాషలో చెప్పాలంటే మెటాడేటా లేని ఫైల్.

ఈ షీట్లన్నీ ఇప్పుడు స్కాన్ అవుతున్నాయి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వర్చువల్ హెర్బేరియం నడుపుతోంది. పాత లేబుళ్ల మీద ఊరి పేర్లు ఇంగ్లిష్‌వాడి చెవికి వినబడినట్టు ఉంటాయి, మొక్కల తెలుగు పేర్లూ అంతే. ఏ కంప్యూటర్‌కైనా అవి వట్టి తప్పుడు స్పెల్లింగులు. సామర్లకోట, పెద్దాపురం పేర్లు తెలిసిన పిల్లలకు మాత్రం ఇట్టే అర్థమైపోతాయి. వాటిని ఇవాళ్టి మ్యాపు మీద సరైన ఊరికి కలిపితే, రెండు వందల ఏళ్ల కిందట ఎక్కడ ఏ చెట్టు ఉండేదో, ఇప్పుడు ఉందో లేదో తేలుతుంది. బోటనీ పీజీ చేసినవాళ్లు, కాస్త డేటాబేస్ పని వచ్చినవాళ్లు కలిసి చేయాల్సిన పని ఇది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది, దానికి సొంత హెర్బేరియం ఉంది. దక్షిణాది పాత షీట్లు చూడాలంటే కోయంబత్తూరు కేంద్రంలోని మద్రాస్ హెర్బేరియం. ప్రాజెక్టు ఫెలోల ప్రకటనలు సంస్థ వెబ్‌సైట్‌లో వస్తుంటాయి. అప్లై చేసే ముందు మీ ఊళ్లో ఓ పది చెట్ల పేర్లు పెద్దవాళ్లను అడిగి రాసుకోండి, చెప్పినవాళ్ల పేరుతో సహా.