బాలల భయమును బాపిన మహనీయుడు: ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి

రాత్రివేళ దీపము తగ్గించినతోడనే మంచము క్రింద బూచివాడు పొంచియున్నాడని పసివారు తల్లి కొంగు పట్టుకొనుట ప్రతి యింటను జరుగునదే. అట్టి బిడ్డలకు దయ్యముల కథలు చదువనిచ్చినచో పిరికితనము హెచ్చునని కొందరు పెద్దలు శంకింతురు. అది త్రోసివేయదగిన శంక కాదు. కాని వంగదేశమున పుట్టిన యొక మహనీయుని జీవితము ఈ శంకకు తగిన సమాధానమని నా విశ్వాసము.

ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1863 మే నెలలో మైమెన్‌సింగ్ జిల్లా మసువా గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమునందున్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. ఐదవయేట బంధువగు హరికిశోర్ రాయ్ చౌధురి యను జమీందారు ఆ బాలుని దత్తు చేసికొని పేరు మార్చెను. ఉపేంద్రకిశోర్ కలకత్తాలో చదివి 1884లో పట్టభద్రుడయ్యెను. బ్రహ్మసమాజమున చేరి, సంఘసంస్కర్తయగు ద్వారకానాథ గంగోపాధ్యాయుని కుమార్తె విధుముఖీదేవిని వివాహమాడెను. చిత్రలేఖనమున ఆయన నేర్పరి; వేణువును ఫిడేలును చక్కగా వాయించెడివాడు. జమీందారు బిడ్డయై సుఖముగా కాలము గడుపగలవాడయ్యును, తన విద్యలన్నిటిని పసివారికొరకే వినియోగించెను.

ఆయన బాలలకొరకు రామాయణకథను సులభశైలిలో వ్రాసి తానే బొమ్మలు గీసెను. కాని ఆనాడు బొమ్మలను కొయ్యదిమ్మలపై చెక్కి అచ్చువేయుచుండిరి. ఆ చెక్కుడు పనిలో బొమ్మలు చెడిపోయెను. ఆయన ఒరులను నిందించి యూరకుండలేదు. ఇంగ్లండు నుండి గ్రంథములను, పనిముట్లను తెప్పించుకొని, గురువు లేకయే హాఫ్‌టోన్ విద్యను అభ్యసించి, 1895లో తన సంస్థను స్థాపించెను. సన్నని గీతల గాజుపలక గుండా బొమ్మను ఛాయాగ్రహణము చేసినచో వెలుగునీడలు చిన్న పెద్ద చుక్కలుగా విడిపోవును. ఆ చుక్కలను లోహపు రేకుపై ఎక్కించి అచ్చువేయుదురు. ఈ విద్యపై ఆయన వ్రాసిన వ్యాసములను ఇంగ్లండులోని పెన్రోజ్ వార్షిక సంచిక ప్రకటించెను. ఇంత శ్రమయు బిడ్డ చేతిలోని బొమ్మ స్పష్టముగా నుండవలెనను పట్టుదలతో మొదలైనదే.

మానవుడు పుట్టకమునుపు భూమిపై సంచరించిన మహాకాయ జంతువులను గూర్చి కూడ ఆయన పిల్లలకొరకు పుస్తకము వ్రాసెను. తూర్పు వంగమున సాయంకాలము బిడ్డలు అన్నము తినకయే నిద్రపోకుండుటకై ఆడవారు చెప్పు కథలను చేర్చి 1910లో టున్‌టునిర్ బొయి అను గ్రంథమును ప్రకటించెను. అందు పిడికెడంత పిట్ట మహారాజును సైతము నవ్వులపాలు చేయును. బలవంతునిముందు చిన్నవాడు బెదరనక్కరలేదను ధైర్యము ఆ కథలు చదివిన పసివానికి తనంత కలుగును.

1913లో సందేశ్ అను బాలల మాసపత్రికను స్థాపించెను. వంగభాషలో ఆ మాటకు వార్త యనియు, తీపి మిఠాయి యనియు రెండర్థములు. అందే 1915లో గూపీ, బాఘా అను ఇరువురి కథ వెలువడెను. ఒకనిది పాట, వేరొకనిది డోలు. వారి సంగీతమును భరింపలేక జనులు వారిని తరిమివేసిరి. అడవిలో చీకటివేళ దయ్యములు ఎదురుపడెను. వినువారు వణకు చోట దయ్యములు ఆ పాటకు మెచ్చి వరములిచ్చెను. మనుష్యులు వెళ్లగొట్టినవారిని దయ్యములు ఆదరించుట ఈ కథలోని చమత్కారము.

ఆ సంవత్సరమే డిసెంబరు 20వ తేదీన ఉపేంద్రకిశోర్ మధుమేహముచే తనువు చాలించెను. వయస్సు 52 సంవత్సరములు మాత్రమే. ఆ వ్యాధికి ఇన్సులిను అప్పటికి కనుగొనబడలేదు. కుమారుడు సుకుమార్ రాయ్ పత్రికను నడపి 1923లో అకాలమరణము నొందెను. నడుమ ఆగిన సందేశ్‌ను మనుమడగు సత్యజిత్ రాయ్ మిత్రునితో కలిసి 1961లో పునరుద్ధరించెను. తాతగారి గూపీ, బాఘాల కథను 1969లో చలనచిత్రముగా తీసెను.

పాఠక మహాశయులారా! కంటికి కనబడనంతకాలమే బూచివాడు భయంకరుడు. పుటపై బొమ్మయై కనబడి, పాటకు తలయూపి, బిడ్డను నవ్వించినచో వాడే చెలికాడగును. దయ్యముల పేరు చెప్పి బిడ్డను బెదరించుట వేరు. దయ్యముల కథ చదివించి ధైర్యము కలిగించుట వేరు. మొదటిది మనము తరచుగా చేయు తప్పు. రెండవది ఉపేంద్రకిశోరుడు చేసిన మేలు. కావున మన గ్రంథాలయపు బాలల బీరువాలో అట్టి కథలకు చోటుండవలెను. బిడ్డ చదువునపుడు పెద్దలొకరు ప్రక్కన కూర్చుండవలెను. ఇరువదియైదు వసంతములు నిండిన మన గ్రంథాలయము ముందు తరముల బిడ్డలకు చీకటిలో దీపమై వెలుగుగాక!