రస్సెల్ పండితుడు - మన చేపల పేర్లు

ప్యాట్రిక్ రస్సెల్ 1726లో ఎడింబరో నగరమున జన్మించెను. హలబ్ పట్టణమున ప్లేగు రోగులను పరీక్షించిన ఈ వైద్యుడు పిదప సోదరునితో విశాఖపట్టణము చేరెను. అచ్చటి చేపలను సేకరించి, బొమ్మలు వ్రాయించి, జాలరులు పలికిన తెలుగు పేర్లను పెక్కింటికి చేర్చెను. రెండు వందల చేపలను వర్ణించు ఆ గ్రంథము 1803లో లండనునందు వెలువడెను. 1805లో ఆయన మరణించెను.

అందలి ‘తోలు పార’ నుండియే 1832లో కువియే ఒక చేపకు ‘తోల్’ అను శాస్త్రనామ మొసగెను. పగడపు దిబ్బలలో తిరుగు మరియొక చేపకు 1849లో బ్లీకర్ రస్సెల్ పేరే పెట్టెను.

పేర్లు నేర్పిన జాలరులు మాత్రము చరిత్రకెక్కలేదు. మన డొంకూరు తీరమున వల లాగువారి నోట నిలిచియున్న పేర్లనైనను మనము వ్రాసి ఉంచవలదా?