సైబరాబాద్ పేరు వెనక మనిషి

మనం బడిలో ఉన్న రోజుల్లో మాదాపూర్ అంటే బండరాళ్లు, పొదలు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఆ చుట్టుపక్కలంతా సైబరాబాద్ అయింది. అక్కడే ఇన్నేళ్లు ఉద్యోగం చేస్తూ కూడా ఆ ‘సైబర్’ ఎక్కడిదో నేను పట్టించుకోలేదు. నార్బర్ట్ వీనర్ అనే గణితవేత్త 1948లో రాసిన ‘సైబర్నెటిక్స్’ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చిన మాట అది. గ్రీకులో దాని మూలానికి అర్థం, చుక్కాని పట్టే సరంగు.

వీనర్ 1894లో అమెరికాలోని మిస్సోరీలో పుట్టారు. హార్వర్డ్ ప్రొఫెసరైన తండ్రి దగ్గరుండి చదివించడంతో పద్నాలుగేళ్లకే డిగ్రీ, పద్దెనిమిదేళ్లకు డాక్టరేట్. ఆ ఒత్తిడి తాలూకు నొప్పి ఆయన్ని జీవితాంతం వదల్లేదు. (ర్యాంకుల తల్లిదండ్రులం కాస్త గమనించాలి.) 1919 నుంచి ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రు విమానం మరికొన్ని క్షణాల్లో ఎక్కడుంటుందో లెక్కగట్టే యంత్రం కోసం ఇంజినీరు బిగెలోతో కలిసి పనిచేశారు. విమానం నడిపేదీ మనిషే, ఫిరంగి దగ్గరున్నదీ మనిషే. మనిషిని వదిలేసి యంత్రాన్ని మాత్రమే లెక్కవేస్తే కుదరదని అక్కడ తేలింది. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా చూసి సరిదిద్దుకోవడం, అంటే ఫీడ్‌బ్యాక్, ఇద్దరిలోనూ ఉంది. ఆ దిద్దుబాటు అతి అయితే యంత్రం అటూ ఇటూ ఊగిపోతుంది. చిన్నమెదడు దెబ్బతిన్న రోగి గ్లాసు అందుకోబోతే చెయ్యి అలాగే ఊగుతుందని డాక్టర్ రోసెన్‌బ్లూత్ చెప్పారు. యంత్రం యుద్ధానికి పనికిరాలేదు, ఆలోచన మిగిలింది.

యుద్ధం ముగిశాక క్షిపణుల పనికి తన పరిశోధన ఇవ్వనని బాహాటంగా ప్రకటించారు. యంత్రాలు ఉద్యోగాలు మింగేస్తాయని 1949లో కార్ల కార్మికుల నాయకుడు వాల్టర్ రాయిథర్‌కు ఉత్తరం రాశారు. 1955-56లో మన సి.ఆర్.రావు గారు పనిచేస్తున్న కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కొన్ని నెలలు ఉన్నారు.

ఆయన్ని వేధించిన భయం ఇంకొకటుంది. యంత్రం మనం అడిగిందే ఇస్తుంది, కావలసింది కాదు. ఇంద్రాసనం అడగబోయి నిద్రాసనం అడిగిన కుంభకర్ణుడి గతి. నాకిది అనుభవమే. ఫిర్యాదులు చూసే ప్రోగ్రాముకు, వీలైనంత త్వరగా ముగించమని లక్ష్యం పెట్టాను. సమస్య తీరకుండానే వందలకొద్దీ ముగించేసింది. ఆ లక్ష్యం రాసింది నేనే కాబట్టి దాన్ని తిట్టలేకపోయాను. ఇప్పుడు ప్రతి ఫిర్యాదునూ మూసే ముందు మా వాళ్లలో ఒకరు చదువుతారు. పని నెమ్మదించింది, పైవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

వీనర్ 1964 మార్చిలో స్టాక్‌హోంలో కన్నుమూశారు. ఏ పని మనిషికి, ఏది యంత్రానికి అన్న పంపకం గురించి రాసిన చిన్న పుస్తకం ‘గాడ్ అండ్ గోలెం’ ఆ ఏడే వెలువడింది. మన బడి లైబ్రరీకి ఒక ప్రతి తెచ్చాను.