గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

ఈ మహాసభా సంచికయందుఁ బ్రకటించుటకై మేము శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చరిత్రము నెన్నుకొంటిమి. ఆయన ఏ శాఖవారను విచారము మాకు లేదు. ఒకే శాసనమును ముందుంచుకొని రెండు పక్షములవారు రెండు విధములుగాఁ జదివి కలహించుట మన శాఖలలోఁ గూడ నున్నదే గావున, ఇది మనవారు చదువఁదగినదని తలంచితిమి.

పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు 1875లో గతించిరి. 1880లో నెలకు 30 రూపాయల జీతముపైఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలోఁ జరిత్రోపాధ్యాయులైరి. గురువు లేకయే శాసనలిపులు నేర్చి శ్రీముఖలింగ దేవాలయములలోని శాసనములను స్వయముగాఁ జదివిరి. సవరల భాష నేర్చుటకై కొండలు తిరిగి మన్యపు జ్వరము పాలై, క్వినైను మితిమీఱి సేవించుటచేఁ జెవుడు దెచ్చుకొనిరి. జనులు నోటఁ బలుకు భాషకై పోరాడినవారికి వినికిడి లేకపోవుట దైవవిలాసము గాక మఱేమి!

ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర తెలుఁగు నేర్వఁబోయి, పలుకునదొకటియు వ్రాయునదొకటియు నగుటకుఁ గారణమేమని యడిగెను. ఆ ప్రశ్న పంతులుగారిని, ఆయన మిత్రులగు గురజాడ అప్పారావుగారిని గదలించినది. 1911లోఁ బంతులుగారు ఉద్యోగము చాలించి ఈ పనికే నడుము గట్టిరి. ఆ యేఁటనే జయంతి రామయ్య పంతులుగారు ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించి యెదుటి పక్షమునకు నాయకులైరి. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసమును ఏ భాషలోనైన వ్రాయవచ్చునని యుత్తరువు వెడలెను గాని పండితుల యలజడిచే నది నిలువలేదు.

ఇందలి విశేషము మనవారు గమనింపవలెను. రామయ్య పంతులుగారును శాసనపండితులే. తెలుఁగు శాసనముల సంపుటమును బరిష్కరించినవారు. పరిషత్తువారును దాళపత్రములు సేకరించినవారే. కావునఁ దెలియక కలహించిరనుటకు వీలులేదు. అవే యాకులు, అవే ఱాళ్లు ఇరువురి కన్నుల యెదుట నుండెను. బాలవ్యాకరణమునకు విరుద్ధమైన రూపము తాటియాకునఁ గనఁబడినచో, ఒక పక్షమువారికది వ్రాయసకాని తప్పు. దానిని దిద్ది యచ్చువేయవలయును. పంతులుగారికది యా కాలపువారి భాష. దిద్దిన ప్రతులు అచ్చుపడిన పిమ్మట, పూర్వులు వ్యాకరణము దప్పలేదనుటకు ఆ యచ్చు పుస్తకములే సాక్ష్యములగును! ఇట్టిచో వాదమెట్లు తెగును?

పంతులుగారు అచ్చును విడిచి మరల ఆకులయొద్దకుఁ బోయిరి. పూర్వుల వచనములను గద్యచింతామణియందును, వ్యాకరణమునకు లొంగని కవిప్రయోగములను బాలకవిశరణ్యమునందును గూర్చిరి. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజమునందుఁ బండితులే తమ నియమముల నెట్లు తప్పుచుండిరో యెత్తి చూపిరి. ఈ కడపటిది కొంత కఱకని మా యభిప్రాయము. తప్పు చూపఁబడినవాఁడు పక్షము మార్చుట యరుదు, కోపించుట పరిపాటి. మా యీ గ్రాంథికమున నాయన యెన్ని తప్పులు పట్టియుందురో!

పక్షము మార్చిన పెద్ద యొకరు గలరు. గ్రాంథికమునఁ బెక్కు గ్రంథములు రచించిన వీరేశలింగము పంతులుగారు 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వెలసిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. మే నెలలో స్వర్గస్థులైరి. 1925లోఁ దణుకు సభయందు రామమూర్తి పంతులుగారు ప్రామాణిక గ్రంథములనుండి ప్రయోగములఁ జూపుచు నాలుగు గంటలు ప్రసంగించిరి. ఎదుటివారి కేకలు వినఁబడకపోవుట యట్టిచోఁ గొంత మేలేమో.

వార్ధక్యమున మఱియొక తగవు సంభవించెను. ఒరిస్సా రాష్ట్రము నేర్పఱచునపుడు పర్లాకిమిడి తెలుఁగువారిదా ఓఢ్రులదా యను వివాదము పుట్టెను. రెండు భాషలు నాడువారి నే లెక్కలోఁ జేర్పవలయునో తేలక, జనాభా లెక్కలనే యుభయులును గాదనిరి. పంతులుగారు తెలుఁగువారి పక్షమునఁ బోరాడిరి. వారికిఁ గొల్విచ్చిన సంస్థానపు రాజావారు ఎదుటి పక్షమునకు నాయకులు. ఈ మాఱు తాళపత్రములు పనికి రాలేదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఆ పట్టణము ఒరిస్సాలోఁ జేరెను. ఏఁబదియాఱేండ్లు కాపురమున్న యూరిని విడిచి, డెబ్బదిరెండేండ్ల పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. సవర నిఘంటువు పని మాత్రము విడువలేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. 1940 జనవరి 22వ తేదీన వారు పరమపదించిరి.