89 నుంచి 296 దాకా: బర్ట్ మన్రో బండి కథ

పోయిన సెలవుల్లో పలమనేరు పోయినప్పుడు మా నాయన్ని ఒకటే అడిగినా, ఆర్‌సీ 390 కొనిమ్మని. ఇంట్లో ఉండే స్ప్లెండర్‌ది 8 హార్స్ పవర్. 390ది దాదాపు 43. నాయన తిట్టలేదు. మొగిలి ఘాట్‌లో స్ప్లెండర్‌ని సరిగ్గా దించి చూపిస్తే అప్పుడు చూద్దామన్నాడు. నాకు కోపమొచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ రెండ్రోజులూ ఫోన్‌లో బైకుల గురించే చూస్తా కూర్చున్నా. అప్పుడు తెలిసింది బర్ట్ మన్రో గురించి.

ఆయన 1899లో న్యూజిలాండ్ దక్షిణం కొసన, ఇన్వర్‌కార్గిల్ దగ్గర పుట్టాడు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. 1920లో ఒక ఇండియన్ స్కౌట్ కొన్నాడు. పేరు చూసి మనదనుకోకండి, ఇండియన్ అనేది అమెరికా కంపెనీ. 600 సీసీ బండి, గంటకు 89 కిలోమీటర్లు మించి పోయేది కాదు. ఇంకొకరైతే నాలుగేళ్ళకు అమ్మేసి పెద్దది కొనేవాళ్ళు. మన్రో అమ్మలేదు. 1926 నుంచి దాన్నే మార్చుకుంటా వచ్చాడు. చేతిలో డబ్బుల్లేవు. పగలు బైకులు అమ్మడం, రిపేర్లు చేయడం, రాత్రిళ్ళు తన షెడ్డులో పని. పాత డబ్బాల్లో లోహం కరిగించి పోసి పిస్టన్లు తనే తయారు చేసుకున్నాడు. ఇంజన్లు ఎన్నిసార్లు పగిలాయో, తను ఎన్నిసార్లు పడ్డాడో లెక్కే లేదు.

1962లో, 63 ఏళ్ళ వయసులో, గుండెజబ్బుతోనే అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానానికి బండిని తీసుకెళ్ళి 288 కిలోమీటర్ల వేగంతో రికార్డు కొట్టాడు. 1967లో అదే స్కౌట్, అప్పటికి 950 సీసీ అయింది, దాదాపు 296 అందుకుంది. అప్పట్లో లెక్కలో చిన్న తప్పు దొర్లి తక్కువ రాశారు. ఆయన కొడుకు పట్టుకుంటే 2014లో సరిదిద్దారు. మన భాషలో బగ్ ఫిక్స్ అన్నమాట! అది చూడ్డానికి ఆయన లేడు, 1978 జనవరిలోనే పోయాడు. 2005లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

నాకు పట్టుకున్నది 296 కాదు, ముందున్న 89. ఆ వేగం నుంచి 47 ఏళ్ళు ఒకే బండితో పెరిగాడు. బండి స్పీడు, ఆయన చేతివాటం కలిసి పెరిగాయి. యూరప్‌లో లైసెన్సులు కూడా ఇట్లాగే మెట్లుమెట్లుగా ఇస్తారు. చిన్నవాళ్ళకు ముందు 125 సీసీ, తర్వాతే పెద్దవి. మన దగ్గర 18 నిండి గేరు బండి లైసెన్స్ వస్తే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా ఒకటే. ఆ మెట్లు మనమే కట్టుకోవాల.

మూడో రోజు పొద్దున్నే స్ప్లెండర్ తీసుకుని ఘాట్ దిగినా. ఒక వంపులో ఎదురుగా లారీ కనపడేసరికి భయపడి బ్రేకు గట్టిగా తొక్కేసినా. వెనక చక్రం జారింది. నలభైలో ఉన్నా కాబట్టి నిలదొక్కుకున్నా. 390 మీద ఉంటే నలభైలో పోయేవాణ్ణా? పోనని నాకే బాగా తెలుసు.

ఇంటికొచ్చి జరిగింది నాయనకు చెప్పేసినా. 390 మీద ఆశ పోలేదు ఫ్రెండ్స్, అబద్ధమెందుకు. కానీ వంపులోకి పోకముందే స్పీడు తగ్గించడం అలవాటయ్యేదాకా నాకు స్ప్లెండరే.