గుర్రబ్బండి మీద వచ్చిన వాక్యూమ్ క్లీనర్: హ్యూబర్ట్ సెసిల్ బూత్ జీవితం

వాక్యూమ్ క్లీనర్ అనగానే మనకి మంచం కింద తోసి పెట్టే చిన్న మెషీన్ గుర్తొస్తుంది. కానీ గాలిని పీల్చి దుమ్ము తీసే తొలి పవర్ మెషీన్లలో ఒకటి అసలు ఇంటి గడప దాటలేదు. గుర్రబ్బండి మీద వచ్చి రోడ్డు మీదే ఆగేది. పైపులు మాత్రం కిటికీల్లోంచి లోపలికి వెళ్ళేవి. దాన్ని చేసినాయన పేరు హ్యూబర్ట్ సెసిల్ బూత్. ఆయన గురించి చదవడానికి నాకొక కారణం ఉంది, అది తర్వాత చెప్తాను. ముందు ఆయన కథ.

బూత్ 1871 జులై 4న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో పుట్టాడు. తండ్రిది కలప వ్యాపారం. 1889లో లండన్‌లోని సెంట్రల్ టెక్నికల్ కాలేజీలో చేరి సివిల్, మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. అంటే ఆయన కూడా మనలాంటి ఇంజనీరింగ్ స్టూడెంటే. 1892 చివర్లో మాడ్స్‌లే సన్స్ అండ్ ఫీల్డ్ అనే కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అక్కడ యుద్ధనౌకల ఇంజిన్ల పని చేశాడు. తర్వాత పెద్ద పెద్ద జెయింట్ వీల్స్ డిజైన్‌లోకి వెళ్ళాడు. బ్లాక్‌పూల్, వియన్నా, పారిస్ చక్రాల వెనక ఆయన చెయ్యి ఉంది. 1897లో వియన్నాలో నిలబెట్టిన చక్రం రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోతే మళ్ళీ కట్టారు, ఈరోజుకీ తిరుగుతోంది. ఎత్తు దాదాపు 65 మీటర్లు. మన నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి కిందకి చూస్తేనే కడుపులో తిప్పుతుంది కదా, ఇక అదెలా ఉంటుందో ఊహించుకోండి. అంత ఎత్తులో స్టీలు లెక్కలు వేసిన మనిషి దుమ్ము గురించి ఆలోచిస్తాడని ఎవరూ అనుకోరు.

1901లో లండన్‌లోని ఎంపైర్ మ్యూజిక్ హాల్లో ఒక అమెరికన్ మెషీన్ డెమో జరిగింది. బూత్ చూడ్డానికి వెళ్ళాడు. ఆ మెషీన్ గట్టిగా గాలి ఊదేది. లేచిన దుమ్ము పక్కనున్న పెట్టెలో పడాలని ప్లాన్. కొంత పడేది, మిగిలింది గదంతా లేచి మళ్ళీ అక్కడే వాలేది. మనం చీపురుతో జోరుగా ఊడ్చినప్పుడు జరిగేది కూడా ఇదే. ఊదే బదులు పీల్చొచ్చు కదా అని బూత్ అడిగితే, అది అయ్యే పని కాదని అవతలి ఆయన కొట్టిపారేశాడట.

బూత్ అక్కడితో వదల్లేదు. కొన్ని రోజులకి విక్టోరియా స్ట్రీట్‌లో ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నప్పుడు, మెత్తటి కుర్చీ మీద జేబురుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. గొంతులో దుమ్ము అడ్డం పడి దగ్గు వచ్చింది గానీ, రుమాలు తిప్పి చూస్తే నల్లటి మచ్చ కనిపించింది. గాలి గుడ్డలోంచి వెళ్ళిపోయింది, దుమ్ము గుడ్డకే ఆగిపోయింది. మొత్తం ఐడియా ఇంతే: పీల్చాలి, వడపోయాలి. ఆ సంవత్సరం ఆగస్టు 30న పేటెంట్‌కి అప్లై చేశాడు.

మెషీన్ మాత్రం చిన్నది కాలేదు. పెట్రోల్ ఇంజిన్, దానితో నడిచే పంపు, వడపోసే గుడ్డ, పొడవాటి పైపులు, అన్నీ కలిసి గుర్రం లాగే ఒక బండి అయ్యాయి. జనం దానికి పఫింగ్ బిల్లీ అని పేరు పెట్టారు. దాన్ని ఎవరూ కొనే పని లేదు. కంపెనీ వాళ్ళే బండి తెచ్చి శుభ్రం చేసి పోయేవాళ్ళు. ఇప్పుడు యాప్‌లో సోఫా క్లీనింగ్ బుక్ చేసినట్టే! పెద్దింటి వాళ్ళు ఫ్రెండ్స్‌ని టీకి పిలిచి మరీ దీన్ని చూపించేవాళ్ళు. తమ ఇంటి మురికి పైపులో పరిగెడుతుంటే చుట్టాలు చూసేలా గాజు పైపు ముక్క కూడా పెట్టారు. మరోపక్క ఆ చప్పుడుకి రోడ్డు మీద గుర్రాలు బెదిరి కేసులు కూడా పడ్డాయి.

1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మిన్‌స్టర్ అబీ తివాచీలను ఈ మెషీన్‌తోనే శుభ్రం చేశారు. తర్వాత రాజుగారి కోటలకి కూడా మెషీన్లు వెళ్ళాయి. అదే కాలంలో ఇక్కడ మన పాతబస్తీ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఉన్న నావికులకి జ్వరాలు వస్తే, బూత్ మెషీన్లు అక్కడ టన్నుల కొద్దీ దుమ్ము తీశాయి.

అయితే ఇళ్ళను గెలిచింది బూత్ కాదు. అమెరికాలోని ఒహాయోలో జేమ్స్ మర్రీ స్పాంగ్లర్ అని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసే ఆయన ఉండేవాడు. ఆయనకి ఉబ్బసం. ఊడ్చిన ప్రతిసారీ ఊపిరి ఆడేది కాదు. ఒక ఫ్యాన్ మోటర్, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి చేతిలో పట్టుకునే మెషీన్ చేసుకున్నాడు. 1908లో, అంటే మనకి మూసీ వరద వచ్చిన సంవత్సరంలో, పేటెంట్ వచ్చింది. హక్కులు హూవర్ కొనుక్కున్నాడు. చివరికి బూత్ సొంత దేశంలో కూడా జనం ఇల్లు శుభ్రం చేయడాన్ని హూవరింగ్ అనడం మొదలుపెట్టారు. బూత్ కంపెనీ మాత్రం ఫ్యాక్టరీలు, పెద్ద బిల్డింగుల పనితో నడిచింది. ఆయన 1955 జనవరి 14న, 83 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇప్పుడు నా కారణం. మాది లాల్ దర్వాజా దగ్గర చిన్న ఇల్లు. డాడీది టెంట్ హౌస్. గోదాంలో తివాచీలు, పరుపుల కోసం 30 లీటర్ల స్టీలు డ్రమ్ముతో, తడి పొడి రెండూ పీల్చే పెద్ద వాక్యూమ్ క్లీనర్ ఉంది. మా చెల్లికి దుమ్ము పడదు, ఇన్‌హేలర్ వాడుతుంది. ఇంటికి ఒక మెషీన్ కావాలి. అట్లాంటిదే ఇంకోటి కొనేద్దాం, పెద్దదైతే బాగా పీలుస్తది అని డాడీ. అంత దాన్ని ఎక్కడ పెట్టాలి అని అమ్మ. బూత్, స్పాంగ్లర్ ఇద్దరి కథలూ చదివాక నేను ఒక్కో ఫీచర్ విడిగా చూశాను.

మొదటిది వాట్లు. డబ్బా మీద రాసే వాట్లు మోటర్ తినే కరెంటు మాత్రమే, పీల్చే బలం కాదు. బలం తెలియాలంటే సక్షన్, గాలి ప్రవాహం అంకెలు రెండూ చూడాలి. రెండోది డ్రమ్ము. ఫంక్షన్ హాల్లో గంటల తరబడి ఆపకుండా పనిచేయాలి కాబట్టి 30 లీటర్లు కావాలి. రెండు గదుల ఇంట్లో రోజుకి వచ్చే దుమ్ము గుప్పెడు. మూడోది నీళ్ళు పీల్చడం. 2020 అక్టోబర్ వరదల్లో పాతబస్తీలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు అదుంటే బాగుండేదని డాడీ అంటాడు. కానీ 30 లీటర్లంటే మహా అయితే రెండు బకెట్లు. వరదలో కరెంటు కూడా ఉండదు. మన షాబాద్ బండల మీద నీళ్ళకి వైపర్ చాలు.

నాలుగోది ఫిల్టర్. అసలు విషయం ఇక్కడే ఉంది. గోదాం మెషీన్లో ఉన్నది మామూలు గుడ్డ ఫిల్టర్. పెద్ద దుమ్ముని ఆపుతుంది, సన్నటి దుమ్ము వెనక నుంచి మళ్ళీ గదిలోకే వస్తుంది. గోదాంలో షట్టర్ ఎత్తి ఉంటుంది కాబట్టి అది తెలియదు. చిన్న గదిలో అది నేరుగా చెల్లి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. హెపా ఫిల్టర్ అయితే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలి. దుమ్ము గాల్లోకి లేవకుండా పారేసే మూసిన బ్యాగు ఉంటే ఇంకా మంచిది. ఈ రెండూ పెద్ద హాస్పిటళ్ళ కోసం చేసే మెషీన్లలో కూడా ఉంటాయి. కమర్షియల్ ఫీచర్లలో ఇంటికి పనికొచ్చేవి ఇవే. పొడవాటి వైరు కూడా కలపొచ్చు, మా ఇంట్లో పవర్ ప్లగ్ ఒక్క వంటింట్లోనే ఉంది మరి.

బూత్ మెషీన్‌లో గుర్రం పోయింది, పెట్రోల్ ఇంజిన్ పోయింది, రోడ్డు మీద బండి పోయింది. వందేళ్ళు దాటినా మిగిలింది ఆ రెస్టారెంట్ కుర్చీ మీద పరిచిన రుమాలే. అందుకే ఇంట్లో నా ఓటు చిన్న మెషీన్‌కి, మంచి ఫిల్టర్‌కి వేశాను. తివాచీలను సంవత్సరానికి ఒకసారి, బోనాలకి ముందు, గోదాంలోనే పెద్ద మెషీన్‌తో దులిపితే సరిపోతుంది. డాడీ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఫిల్టర్ మార్చడానికి ఏటా ఎంత అవుతుందని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఆదివారం షాపుకి వెళ్ళి, మెషీన్ ధర కంటే ముందు ఆ ధరే అడగబోతున్నాం.