డాక్టరు సిడ్నీ రింగరు

ఆసుపత్రులలో రోగుల రక్తనాళములలోనికి ఎక్కించెడు లవణద్రవములలో నొకటి రింగరు పేర వ్యవహరింపబడుచున్నది. ఆ పేరు విన్నవా రనేకులు. ఆ వైద్యుని చరిత్ర నెరిగినవారు కొందరే.

సిడ్నీ రింగరు ఇంగ్లాండునందలి నారిచ్ పట్టణమున జన్మించెను. లండనులోని యూనివర్సిటీ కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి, దానికి జేరిన ఆసుపత్రియందే వైద్యుడయ్యెను. చికిత్సను గూర్చి 1869లో ఆయన ప్రకటించిన గ్రంథము మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. బాల్యముననే మృతినొందిన కుమార్తె జ్ఞాపకార్థమై లాస్టింగ్‌హామ్ అను పల్లెలోని ప్రాచీన దేవాలయమును 1879లో తన ధనముతో బాగుచేయించెను. రోగులను జూచుటలో లోపము రానీయక, మిగిలిన వేళలను ప్రయోగశాలయందు గడపుచుండెను.

కప్ప శరీరమునుండి వేరుచేసిన గుండె ఏయే లవణములవలన కొట్టుకొనునో ఆయన శోధించి, ఉప్పునీటియందు అది చాలసేపు ఆడుచున్నదని 1882లో ప్రకటించెను. పిమ్మట ఒక సంగతి తెలియవచ్చెను. ఆ ఉప్పునీరు స్వేదనజలముతోగాక కుళాయినీటితో చేయబడియుండెను! వెంటనే స్వేదనజలముతో ప్రయోగమును మరల చేయగా గుండె త్వరలోనే నిలిచిపోయెను. కొంచెము సున్నపు లవణమును కలుపగా మరల కొట్టుకొనసాగెను. కుళాయినీటిలో నున్న స్వల్పమాత్రపు కాల్షియమే గుండెను నడిపినదని తేలెను.

పేరుమోసిన వైద్యుడు తన పొరపాటును మరుగుపరచిన నడుగువా రెవరు? రింగరు అట్లు చేయలేదు. తన మొదటి ఫలితము కుళాయినీటివలన కలిగినదని 1883లో తానే అచ్చొత్తించి సరిదిద్దెను. 1885లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను.

ఆ సవరణ గుండెతో ఆగలేదు. కాల్షియము లేనిచో నరమును ప్రేరేపించినను కండరము కదలదని 1894లో లాక్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. దీని కారణము చాలకాలమునకు తేటపడెను. నరపు కొనకును కండరమునకును నడుమ మిక్కిలి సన్నని సందు కలదు. నరపు కొనయందు సందేశద్రవ్యముతో నిండిన సూక్ష్మమైన తిత్తులుండును. నరము వెలుపల కాల్షియము లోపలికంటె సుమారు 10,000 రెట్లు అధికము. విద్యుత్ప్రేరణ కొనకు రాగానే అచటి ద్వారములు తెరచుకొని కాల్షియము లోనికి దూకును. తిత్తులు నరపు కొన పొరతో కలిసి తెరచుకొనగా ద్రవ్యము సందులోనికి వెలువడును. ఇదియంతయు సెకనులో సుమారు వెయ్యవవంతు కాలమున జరుగును. మెదడునందలి నరముల సంధులలోను క్రమమిదియే. కాల్షియము ముందు ప్రవేశించిననే ద్రవ్యము వెలువడునని 1967లో స్థాపించిన కాట్జ్, మిలెడి అనువారును రింగరు చదివిన కళాశాలలోనే పనిచేసిరి.

రింగరు 1900లో ఉద్యోగము విరమించి లాస్టింగ్‌హామునకు జేరి, 1910వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన పరలోకగతుడయ్యెను.

విద్యార్థులారా! ప్రయోగపుస్తకమున అనుకొన్న అంకె రానపుడు దానిని దిద్దివేయ బుద్ధి పుట్టుట సహజము. అట్టి వేళ ఈ వైద్యుని తలచుకొనుడు. తన ఫలితమును తానే తప్పని యొప్పుకొనుటవలననే ఆయన సత్యమును కనుగొనెను.